బణువుకు పీట ఎక్కడ వేయాలి?

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాళ్ళందరికీ నీటి పాఠం ఒకేలా గుర్తుంటుంది. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే ఒక నీటి అణువు. చిన్నది పరమాణువు, అవి కొన్ని కూడితే అణువు. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేస్తే మార్కు పోయినట్టే. ఆ పుస్తకం మూసి పత్రిక తెరిస్తే శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టదలచిన అణు విద్యుత్ కేంద్రం గురించి వార్త ఉంటుంది. అక్కడ చీలేది యురేనియం పరమాణువు నడుమ ఉండే కేంద్రకం. బడి లెక్కన దాన్ని పరమాణు విద్యుత్ కేంద్రం అనాలి, హిరోషిమా మీద పడిన దాన్ని పరమాణు బాంబు అనాలి. జనం నోట మాత్రం అది అణుబాంబే. ఒకే భాషలో, ఒకే ఇంట్లో, ఒకే రోజున అణువు అన్న మాట రెండు వేర్వేరు వస్తువులకు పేరుగా చెల్లుబాటవుతోంది.

ఈ చిక్కు విప్పడానికి వేమూరి వేంకటేశ్వరరావు గారు తన రచనల్లో మూడో దారి పట్టారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కంప్యూటర్ శాస్త్రం బోధిస్తూ, దశాబ్దాలపాటు తెలుగులో సైన్సు రాసి, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూడా కూర్చిన మనిషి ఆయన. అణుబాంబులో ఉన్న అణువును అలాగే ఉంచి, ఆ అణువులు కొన్ని కూడినదాన్ని బణువు అన్నారు. బహు అణువు అన్నదాన్ని నొక్కి చిన్నది చేసినట్టుండే మాట. చెవికి తెలుగులా వినిపిస్తుంది, అణువు పక్కన చక్కగా ఒదుగుతుంది, తికమక తీరుస్తుంది. ఒకే ఒక్క లోపం: బడి పుస్తకంలో అది లేదు, పత్రికలో లేదు, పాఠం చెప్పే మాస్టారికి తెలియదు.

అలాంటి మాటకు విజ్ఞాన సర్వస్వంలో చోటుందా? ఉంటే ఎక్కడ? తెలుగులో సైన్సు రాసే నలుగురు కలిసిన చోటల్లా ఈ వాదన లేస్తుంది. వందేళ్ళకు పైగా లేస్తూనే ఉంది.

వాదన తెగకపోవడానికి ఒక కారణం, మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టేసి కొట్లాడుకోవడం. కొత్తగా పుట్టిన మాట గురించి వ్యాసం రాయవచ్చా అన్నది ఒకటి. వ్యాసం లోపల వాక్యాల్లో కొత్త మాట వాడవచ్చా అన్నది రెండోది. వ్యాసానికి పేరుగా కొత్త మాట పెట్టవచ్చా అన్నది మూడోది. మొదటి ప్రశ్నకు జవాబు కష్టం కాదు. 1964లో ముర్రే గెల్-మాన్ ప్రోటాన్ లోపలి ఊహాకణాలకు క్వార్క్ అని పేరు పెట్టాడు. అదే ఏడాది జార్జ్ జ్వైగ్ విడిగా అదే ఆలోచనకు వచ్చి వాటిని పేకముక్కల ఆసులన్నాడు. రెండూ ఆనాటికి పసికూనలే. ఒకటి బతికింది, ఒకటి చరిత్రలో అడుగున మిగిలింది. మరుసటి సంవత్సరమే ఒక విజ్ఞాన సర్వస్వం తొందరపడి ఆసుల మీద పెద్ద వ్యాసం వేసి ఉంటే నవ్వులపాలయ్యేది. మాట గురించి ఇతరులు చర్చించి రాసేదాకా ఆగడమే మేలు. ఇంగ్లీషు వికీపీడియా నియమం కూడా ఇంచుమించు ఇదే. ఒక కొత్త మాటను ఎవరో వాడారని చూపితే చాలదు, ఆ మాటను గురించి నమ్మదగిన చోట ఎవరైనా రాశారా అని అడుగుతుంది. దీని మీద నాకు పేచీ లేదు. అసలు పేచీ మిగతా రెంటి దగ్గర.

ఇంగ్లీషులో పారిభాషిక పదం పుట్టి పెరిగే దారికి మెట్లున్నాయి. మైకేల్ ఫారడే ద్రావణంలోకి కరెంటు పంపి చూస్తున్నప్పుడు తాను చూసేదానికి పేర్లు లేక, కేంబ్రిడ్జిలోని విలియం హ్యూయెల్‌కు ఉత్తరం రాశాడు. గ్రీకు తెలిసిన ఆ పండితుడు ఆనోడ్, కాథోడ్, అయాన్ అన్న మాటలు సూచించాడు. 1834లో ఫారడే వాటిని తన పరిశోధన పత్రంలో వాడాడు. తోటి శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు, పాఠ్యపుస్తకాలు ఎత్తుకున్నాయి, తర్వాతే విజ్ఞాన సర్వస్వాలకు చేరాయి. ముందు ప్రయోగశాల, ఆ తర్వాత తరగతి, చివర గ్రంథాలయం. అక్కడి సంపాదకుడు 'నువ్వు మాటలు పుట్టించకు, పుట్టినవాటిని నమోదు చెయ్యి' అంటే దానికి అర్థముంది. కింది మెట్ల మీద మాటలు పుట్టించే పని ఇంకెవరో చేస్తున్నారు.

తెలుగులో కింది మెట్లు విరిగిపోయి ఉన్నాయి. తెలుగులో పరిశోధన పత్రం రాసే భౌతిక శాస్త్రవేత్త లేడు. తెలుగులో పాఠం డిగ్రీ దాకానే, అదీ ఏటేటా కుంచించుకుపోతోంది. అందువల్ల కొత్త విషయం మొదటిసారి తెలుగులోకి దిగే చోటు తరచుగా పత్రిక అవుతుంది, లేకపోతే విజ్ఞాన సర్వస్వమే అవుతుంది. పై అంతస్తులో నిలబడ్డవాడికి నిచ్చెన లేదు, దూకాల్సిందే. 'మాటలు పుట్టించకు' అన్న నియమాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే రెండే దారులు మిగులుతాయి: వ్యాసం రాయకపోవడం, లేదా క్రియాపదాలు తప్ప అన్నీ ఇంగ్లీషుగా ఉన్న వ్యాసం రాయడం.

కొమర్రాజు లక్ష్మణరావు గారికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చరిత్రతో పాటు రసాయనం, జీవశాస్త్రం వంటివి తెలుగులో అచ్చు వేయించినప్పుడు ఆయనకు చేతిలో పదకోశం లేదు. తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు వెలువరించి, 1923లో కన్నుమూశారు. పనిని ఆ పైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అందుకున్నారు. ఒక్కసారి ఆ పుస్తకం పేరే చూడండి. విజ్ఞాన సర్వస్వం అన్న జంట తెలుగువాడి నోట స్థిరపడింది ఆ అట్టమీది అక్షరాల వల్లనే. హిందీ, కన్నడం విశ్వకోశం అన్నాయి, తమిళులు కలైక్కళంజియం అన్నారు. ఆ మాటకొస్తే ఎన్‌సైక్లోపీడియా అన్నదీ సహజంగా పుట్టింది కాదు, గ్రీకులో విడివిడిగా ఉన్న రెండు మాటల్ని తర్వాతి పండితులు ఒకటిగా కలిపి రాయగా ఏర్పడింది. వికీ అన్నదాన్ని వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి తెచ్చుకున్నాడు. హవాయి భాషలో దానికి త్వరగా అని అర్థం. కొత్త మాటలు మా గుమ్మం తొక్కరాదని చెప్పే ఇంటికి నేమ్‌ప్లేటే కొత్త మాట!

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పని వ్యక్తుల చేతుల్లోంచి సంస్థల చేతుల్లోకి పోయింది. 1947లో పుట్టిన తెలుగు భాషా సమితి విషయాలవారీ సంపుటాలు వేసింది. హైదరాబాదు నుంచి సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం వచ్చింది. 1961లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పదావళి కమిషన్ పెట్టింది. 1968లో, పి.వి. నరసింహారావు గారు విద్యామంత్రిగా ఉండగా, తెలుగు అకాడమీ ఏర్పడి పాఠ్యపుస్తకాలూ పారిభాషిక పదకోశాలూ తెచ్చింది. ఇవాళ మనం ఆలోచించకుండా వాడే త్వరణం, ద్రవ్యరాశి, సాంద్రత, కేంద్రకం, పత్రహరితం వంటి మాటలన్నీ ఎవరో ఎప్పుడో ఒక బల్ల చుట్టూ కూర్చుని ఖాయం చేసినవో, పాత సంస్కృత పదాన్ని దులిపి కొత్త పనికి పెట్టినవో. ఆ పనివాళ్ళ తెలివికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ వడి. మామూలు తెలుగులో వడి, వేగం ఒకటే. దిక్కుతో నిమిత్తం లేనిదానికి వడి అనీ, దిక్కు కూడా లెక్కలోకి వచ్చేదానికి వేగం అనీ భౌతిక శాస్త్రం పాఠంలో పంచిపెట్టారు. కొత్త మాట ఒక్కటీ పుట్టించకుండానే కొత్త తేడా చూపించారు.

అన్నీ అలా కుదరలేదు. కణం అంటే జీవశాస్త్రం పీరియడ్‌లో ఒకటి, భౌతిక శాస్త్రం పీరియడ్‌లో మరొకటి. కేంద్రకం కూడా అంతే. ఇక కిరణజన్య సంయోగక్రియ! దాన్ని నోరు తిరగని సంస్కృతమని వెక్కిరించనివాడు లేడు. అయినా తెలుగు మాధ్యమంలో చదివిన ఏ వ్యక్తిని నిద్రలో లేపి అడిగినా ఆకులు ఏం చేస్తాయో ఆ పేరుతోనే చెబుతాడు. మాట బరువు దాని చావుబతుకుల్ని తేల్చదని ఆ ఒక్కటే రుజువు. మరేది తేలుస్తుంది?

ఎరువుల బస్తా దగ్గరికి వెళ్దాం. ఒకప్పుడు మన రసాయన శాస్త్ర పుస్తకాల్లో మూడు వాయువులు అన్నదమ్ముల్లా ఉండేవి: ఆమ్లజని, ఉదజని, నత్రజని. ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్ అన్నమాట. మూడూ ఒకే అచ్చులో పోసినవి, ఒకే పండితుల చేతి పనితనం. ఇవాళ ఆమ్లజని ఎక్కడా లేదు. 2021 వేసవిలో సిలిండర్ల కోసం పరుగులు పెట్టినప్పుడు ఒక్క నోట అయినా ఆ మాట వచ్చిందా? అందరూ ఆక్సిజన్ అన్నారు, కొందరు ప్రాణవాయువు అన్నారు. ఉదజని పెద్దల రచనల్లో కొన ఊపిరితో ఉంది. నత్రజని మాత్రం నిక్షేపంగా ఉంది. వరి రైతును అడగండి, ఎకరాకు ఎంత నత్రజని, ఎంత భాస్వరం, ఎంత పొటాష్ వేయాలో చెబుతాడు. వ్యవసాయాధికారి అదే మాట చెప్పాడు, రేడియో వ్యవసాయ కార్యక్రమం అదే చెప్పింది, 'అన్నదాత' వంటి పత్రికలు నెలనెలా అదే రాశాయి. ఒక్క బస్తాలోని మూడు పోషకాలు చూడండి: ఒకటి కట్టిన మాట, ఒకటి భాస్వరం అన్న సంస్కృతపు మాట, ఒకటి ఇంగ్లీషు మాట. రైతుకు మూడింటితోనూ ఇబ్బంది లేదు. నత్రజని బతికింది అది గొప్ప మాట కాబట్టి కాదు, దానికి రోజూ పని దొరికింది కాబట్టి. ఆమ్లజనికి పని దొరకలేదు.

ఆమ్లజనిలో ఇంకో తమాషా ఉంది. దేశీ పదాలు కట్టేవాళ్ళు ఎప్పుడూ చెప్పే బలమైన వాదం, 'మన మాట విన్నవెంటనే అర్థం తెలుస్తుంది, ఇంగ్లీషు మాట గుడ్డిగా బట్టీ పట్టాలి' అని. నిజమే, ఆమ్లజని అంటే ఆమ్లాన్ని పుట్టించేది అని వెంటనే తెలుస్తుంది. ఆ తెలిసేది తప్పు. ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమని లవోయిజే నమ్మి గ్రీకులో ఆ అర్థంతో పేరు పెట్టాడు. ఉప్పు నుంచి తీసే ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని 1810 ప్రాంతంలో హంఫ్రీ డేవీ తేల్చేశాడు. గ్రీకు రాని మనిషికి ఆక్సిజన్ అన్న శబ్దంలో ఆ పాత పొరపాటు వినపడదు. దాన్ని మనవాళ్ళు తెలుగు చేసినప్పుడు, అప్పటికే చచ్చిన సిద్ధాంతాన్ని బతికించి తెచ్చి పిల్లల చేతిలో పెట్టినట్టయింది. జర్మన్లు, రష్యన్లు కూడా అదే పని చేసి ఇప్పటికీ ఆ మాటలే వాడుతున్నారు, వాళ్ళ రసాయన శాస్త్రానికేమీ నష్టం రాలేదు. కాబట్టి ఇది మహాపరాధమని అనను. అర్థం పైకి కనిపించడం మాటకు ఎల్లప్పుడూ లాభమే అనుకోకూడదని మాత్రం అంటాను.

కేంద్ర కమిషన్ ఈ విషయంలో మధ్యేమార్గం తొక్కింది. మూలకాల, సమ్మేళనాల పేర్లు, కొలతల ప్రమాణాలు, మనుషుల పేర్ల మీద ఏర్పడిన మాటలు, మొక్కల జంతువుల లాటిన్ జంట పేర్లు మార్చవద్దని, భావాల్ని తెలిపే మాటలకు మాత్రం దేశీ రూపాలు కట్టుకోవచ్చని దాని సూత్రం. నాకు ఇది ఇప్పటికీ బాగానే కనిపిస్తుంది. వస్తువు పేరు వస్తువుతో పాటు రానివ్వొచ్చు. భావం మాత్రం మన భాషలో పలకకపోతే బుర్రకెక్కదు.

భావాన్ని పట్టుకోవడంలో మన పత్రికలవాళ్ళు పండితులకన్నా చురుకైనవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా, సోవియట్ల మధ్య నడిచిన తగాదాకు ఇంగ్లీషులో చలితో ముడిపెట్టి పేరు పెట్టారు. హిందీ దాన్ని అలాగే శీత యుద్ధం చేసింది. తెలుగు పత్రికలు ప్రచ్ఛన్న యుద్ధం అన్నాయి. చలి పోయింది, చాటుగా సాగే పోరు అన్న సంగతి మిగిలింది. రక్తపోటు చూడండి. సంస్కృత రక్తానికి తెలుగు పోటు తగిలించడాన్ని పట్టుదల గల వ్యాకరణవేత్త వైరి సమాసమని కొట్టేస్తాడు. డాక్టరు గదిలో అది ఎవరికీ అడ్డు రాలేదు, బీపీ అన్న రెండక్షరాలతో కాపురం చేస్తోంది. కృత్రిమ మేధ ఈ మధ్యనే అదే దారిలో నిలదొక్కుకుంది. అంతర్జాలం అంతకుముందే నిలిచింది. ధూమశకటం, దూరవాణి మాత్రం హాస్య ప్రసంగాలకే మిగిలాయి. రైలు, ఫోను అప్పటికే జనం నాలుక మీద కూర్చున్నాయి, ఆ కుర్చీ ఖాళీ అయ్యే అవకాశమే లేదు.

కరోనా కాలంలో ఒక మాట మన కళ్ళెదుటే మారింది. 2020 మార్చిలో అందరూ సామాజిక దూరం పాటించమన్నారు. మనిషికి మనిషికి ఆరడుగుల ఎడం అన్నది అందులో ఉద్దేశం. కులం పేరిట దూరంగా నిలబెట్టే అలవాటున్న సమాజంలో ఆ జంట పదం వేరే గాయాన్ని కెలికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ నెలలోనే భౌతిక దూరం అనడం మేలన్నది. తెలుగు పత్రికలు చాలావరకు మారాయి. విజ్ఞాన సర్వస్వం చేయాల్సిన పని ఇక్కడ ఏమిటి? రెండు మాటల్నీ, మారిన సంగతినీ, ఎందుకు మారిందో ఆ కారణాన్నీ రాసిపెట్టడం. అది పుట్టించే పని కాదు, తీర్పు చెప్పే పనీ కాదు. నిఘంటువుకు ఆ చోటు చాలదు, పత్రికకు ఆ ఓపిక ఉండదు.

ఐస్‌లాండ్ కథ చెప్పకుండా ఈ చర్చ పూర్తవదు, దేశీ పదాలవాళ్ళు ఎప్పుడూ దాన్నే చూపిస్తారు. నాలుగు లక్షలు కూడా లేని ఆ జనం కంప్యూటర్‌ను తోల్వా అంటారు. సంఖ్య అన్న మాటకు, సోది చెప్పే ఆడమనిషి అన్న పాత మాటను అంటించి 1965లో సిగుర్దుర్ నోర్దాల్ అనే పండితుడు సూచించాడు. అంకెల సోదెమ్మ! టెలిఫోన్‌కు దారం అన్న అర్థంతో మరుగునపడిన పాత మాటను తీసి పెట్టారు. అంతా ముచ్చటగానే ఉంది. అయితే అక్కడ బడి, రేడియో, ప్రభుత్వ కాగితం, దుకాణం బోర్డు అన్నీ ఆ మాటనే పలుకుతాయి. మన దగ్గర ఒక వ్యాసకర్త రాత్రి పదింటికి ఒక మాట కట్టి, తెల్లారేసరికి ఎనిమిదిన్నర కోట్లమంది పలకాలని ఆశపడతాడు.

నేనూ ఆ ఆశ పడ్డవాణ్ణే. ఒకసారి ట్రాన్సిస్టర్ల మీద వ్యాసంలో పాఠ్యపుస్తకాల మాటే కదా అని అర్ధవాహకం అని ధీమాగా రాశాను. మా వీధిలో టీవీలు బాగుచేసే అబ్బాయి అది చదివి, 'సార్, అర్ధవాహకం అంటే సగం బండా?' అన్నాడు. రోజూ ఆ వస్తువును చేత్తో పట్టుకునేవాడు అతను. నేను చూసింది బొమ్మల్లో.

చేత్తో పట్టుకునేవాళ్ళ మాట విజ్ఞాన సర్వస్వంలోకి రావాలన్న ఆలోచన చాలా పాతది. ఫ్రాన్సులో 1751 నుంచి వెలువడిన మహా సర్వస్వానికి సంపాదకుడైన దిదెరో కత్తులు చేసేవాడి కొడుకు. పారిస్ కార్ఖానాల్లో తిరిగి, పనివాళ్ళను అడిగి, పనిముట్ల పేర్లు రాయించాడు. మేజోళ్ళు అల్లే యంత్రం మీద తానే పెద్ద వ్యాసం రాశాడు. ఆ మాటలు పనివాళ్ళకు పాతవే, పుస్తకానికి కొత్తవి. మన దగ్గర ఆ పనిని నిఘంటువు రూపంలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేశారు. మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. పల్లెల్లో తిరిగి, రైతుల నుంచి, నేతగాళ్ళ నుంచి సేకరించినవి. తెలుగులో కొత్త మాట కావాలనుకునేవాడు సంస్కృత ధాతువుల దగ్గరికి పరుగెత్తే ముందు ఈ సంపుటాలు ఒకసారి తిరగేస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

పని నుంచి పుట్టిన కొత్త మాట ఎంత సులువుగా నిలుస్తుందో పోచంపల్లి చీరల సీమలో కనిపిస్తుంది. చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పాలి, దాన్ని ఆసు పోయడం అంటారు. ఇంటి ఆడవాళ్ళ భుజాలు పడిపోయే పని. అమ్మ పడే ఆ బాధ చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ యంత్రం పేరు ఆసు యంత్రం, అమ్మ పేరు కలిపి లక్ష్మీ ఆసు యంత్రం. ఏ కమిటీ కూర్చోలేదు, ఏ పదకోశం చూడలేదు. పాత మాట పక్కన యంత్రం చేరింది, అంతే. నేతపల్లెల్లో దానికి అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు. తెలుగు వికీపీడియా తన ఇంటిపనికి వాడుకునే మాటలూ ఈ జాతివే: ఎదగని వ్యాసం మొలక, మళ్ళీ మళ్ళీ వాడే అచ్చు మూస, అందరూ కూడి మాట్లాడుకునే చోటు రచ్చబండ. 2003 డిసెంబరులో మొదలైన ఆ సర్వస్వం పోగుచేసిన వ్యాసాలు ఎన్నున్నా, దాని భాషా ప్రతిభ ఈ మూడు మాటల్లో ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఇక కొత్త మాటల్ని కాదనేవాళ్ళ వాదంలో ఒక భాగాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, అది నానాటికీ బలపడుతోంది. ఒకరు ఇంట్లో కూర్చుని ఒక మాట కట్టి సర్వస్వంలో పెడతారు. ఆదివారం అనుబంధానికి వ్యాసం రాసే విలేకరి దాన్ని ఎత్తుకుంటాడు. మూడేళ్ళ తర్వాత మాటకు ఆధారం అడిగితే ఆ అనుబంధాన్నే చూపిస్తారు. తన తోకను తానే మింగిన పాము. ఇప్పుడు దీనికి అనువాద యంత్రాలు తోడయ్యాయి. తెలుగులో వాటికి దొరికే మేత తక్కువ, దొరికినదాంట్లో వికీపీడియాది పెద్ద వాటా. ఇంగ్లీషులో ఒకరి సొంత మాట కోట్ల వాక్యాల్లో కొట్టుకుపోతుంది. తెలుగులో పది వ్యాసాల్లో కనిపించిన మాటను యంత్రం భాష నియమమనుకుంటుంది, రేపు పిల్లవాడి ఫోన్‌లో దాన్నే జవాబుగా ఇస్తుంది. అడిగినవాడికి అది ఒక మనిషి ప్రయోగమని తెలిసే దారి లేదు.

దారి చూపించే పద్ధతి ఒకటి రసాయన శాస్త్రవేత్తల దగ్గరుంది. కొత్త మూలకం ఉన్నట్టు తెలిసి, దానికి పేరు ఖాయం కాని రోజుల్లో, వాళ్ళు దాని సంఖ్యలోని అంకెల్నే లాటిన్, గ్రీకు ముక్కలుగా పలికి తాత్కాలికపు పేరు పెట్టేస్తారు. 118వ మూలకం చాలా ఏళ్ళు ఉన్ఉన్ఆక్టియమ్. ఒకటి, ఒకటి, ఎనిమిది. అంత ముద్దులేని పేరు ఎవరూ ప్రేమతో పెట్టరు, చూడగానే ఇది అద్దె ఇల్లని తెలుస్తుంది. కనుగొన్నవాళ్ళు పేరు ప్రతిపాదించాక ఐదు నెలలు లోకం ముందు పెట్టి, అభ్యంతరాలు విని, 2016 నవంబరులో ఒగనెస్సాన్ అని ఖాయం చేశారు. అంటే కొత్త మాట రావచ్చు. అది కొత్తదని దాని ముఖాన రాసి ఉండాలి.

తెలుగు సర్వస్వానికి నేను కోరేది ఇంతే. బణువు వ్యాసం లోపల ఉండాలి, ఇది ఎవరు ఎందుకు వాడిన మాటో ఒక వాక్యంతో సహా. అలాంటి వాక్యం లేకుండా, ఎప్పటినుంచో ఉన్నదానిలా పాఠంలో కలిసిపోయి ఉండకూడదు. వ్యాసం పేరుగా అసలే వద్దు. పేరు అన్నది వెతుక్కుంటూ వచ్చినవాడు తలుపు పోల్చుకోవడానికి ఉన్న బోర్డు. పదో తరగతి పిల్లవాడు అణువు అని వెతుకుతాడు. అతనికి అణువు అన్న తలుపే కనిపించాలి, లోపలికి వచ్చాక అణుబాంబులో అణువు వేరు సుమా అని చెప్పాలి, దాన్ని తీర్చడానికి బణువు అన్న ప్రయత్నం జరిగిందని చెప్పాలి. వైశేషికులు రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకమనీ, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకమనీ ఏనాడో లెక్క కట్టారని కూడా చెబితే ఇంకా సంతోషం. ఇంత చెప్పిన వ్యాసంలో బణువు బతికితే తన బలంతో బతుకుతుంది. పోతే, అదీ ఆమ్లజని పక్కన గౌరవంగా నమోదై ఉంటుంది. పోయిన మాటలు ఎందుకు పోయాయో రాసిపెట్టుకోని భాష మళ్ళీ మళ్ళీ అవే మాటలు కడుతుంది. తెలుగులో కంప్యూటర్‌కు ఎన్ని పేర్లు పెట్టారో తలుచుకుంటే ఆ సంగతి తెలుస్తుంది: గణనయంత్రం, సంగణకం, కలనయంత్రం... జనం కంప్యూటరే అన్నారు.

రెండు రాష్ట్రాల బడుల్లో ఇటీవల ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పిల్లలు ఏ పేజీ చదువుతున్నారన్నది వేరే చర్చ. మాట పక్కన మాట పెట్టి చూసుకోవడానికి ఇంతకన్నా వీలైన పుస్తకం మనకెప్పుడూ లేదు. తెలుగు మాధ్యమంలో సైన్సు చెప్పి రిటైరైన మాస్టార్లు, పంతులమ్మలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ మాట తరగతిలో పలికింది, ఏ మాటకు పిల్లలు నవ్వారో వాళ్ళకు తెలుసు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే అడిగి రాసుకోండి. అటక మీద పాత పారిభాషిక పదకోశం ఉంటే తూకానికి వేయకండి.